ఒకే ఇంట్లో ఉండేవారు

"నడుం కింద కాదు వదినా, మోకాలి కింద. ఒక చెయ్యి మోకాలి కింద, ఇంకోటి భుజం కింద పెట్టి మీ వైపుకి లాక్కోవాలి. అవతలికి నెట్టకూడదు."

మూడోసారి చెబుతున్నాను. వదిన అంటే మా ఆయనకి అక్క. రెండు వీధుల అవతల ఉంటుంది. ఉంగరాలు తీసి కిటికీలో పెట్టి, నీళ్లు కాగాయో లేదో వేలు ముంచి చూసేదానిలా తమ్ముడి కాలు ముట్టుకుని చటుక్కున చెయ్యి తీసేసింది. "ఇంత బరువేంట్రా బాబూ నువ్వు" అంది. "కూర్చోబెట్టి మేపుతోందిగా" అని ఆయన నవ్వారు. కూర్చోబెట్టి కాదు, పడుకోబెట్టి. ఆ మాట నేను పైకి అనలేదు.

మూడింటికి ఆఫీసరు విచారణకి వస్తుంది. ఆలోగా వదిన నేనైపోవాలి.

రెండేళ్ల కిందట ఆయన పనిచేసే మందుల షాపులోకి పట్టపగలు ముగ్గురు దొంగలు పడ్డారు. గల్లాపెట్టె తాళాలు ఇవ్వనన్నందుకు ఇనప రాడ్డుతో ఆయన వెన్ను మీద కొట్టారు. అప్పటినించీ నడుం కింద స్పర్శ లేదు. నేరాల్లో దెబ్బతిన్నవాళ్లకి ప్రభుత్వం సాయం చేస్తుందని ఆస్పత్రిలో ఎవరో చెబితే దరఖాస్తు పెట్టాను. వైద్యానికి కొంత వచ్చింది. మంచాన పడ్డ మనిషిని చూసుకునేవాళ్లకి నెలనెలా విడిగా ఇస్తారని తెలిసి మళ్లీ వెళ్లాను. గుమాస్తా మంచివాడే. నిబంధనల పుస్తకం నా వైపుకి తిప్పి ఒక వాక్యం కింద వేలు పెట్టాడు. బాధితుడితో ఒకే ఇంట్లో ఉండేవారు చేసే సేవ ఈ సాయం కిందికి రాదు. "వేరే మనిషిని పెట్టుకుంటే ఇస్తామమ్మా. మీరైతే ఎలాగూ చేస్తారు కదా" అన్నాడు. ఎలాగూ. ఆ మాట నాతోపాటే బస్సెక్కి ఇంటిదాకా వచ్చింది. రెండు గంటలకోసారి ఆయన్ని ఒక పక్కనించి ఇంకో పక్కకి తిప్పడం, మూత్రం సంచీ మార్చడం, పుండు కడగడం, తిన్నది అరిగిందో లేదో పొట్ట మీద చెయ్యి పెట్టి చూడడం, తెల్లవారుజామున కూడా అలారం అక్కర్లేకుండా మెలకువ రావడం, ఇదంతా ఎలాగూ. ఎండ కాసినట్టు, వాన పడినట్టు. వానకి ఎవరైనా జీతం ఇస్తారా?

అంతకుముందు నేను కళ్లజోళ్ల షాపులో పనిచేసేదాన్ని. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని, పన్నెండేళ్లు. కొత్త జోడు పెట్టుకున్న మనిషి గుమ్మం దాకా వెళ్లి, రోడ్డుకి అవతలున్న బోర్డు చదివి, ఒక్క క్షణం ఏమీ మాట్లాడకుండా నిలబడిపోతాడు. ఆ క్షణం కోసం రోజంతా మిషను దగ్గర కూర్చునేదాన్ని. షాపాయన నా స్థానంలో ఒకమ్మాయిని తాత్కాలికంగా పెట్టుకున్నాడు. ఈ నెలాఖరుతో ఆ పిల్లని పర్మనెంటు చెయ్యాలి, మీరు వస్తారో రారో తేల్చి చెప్పండమ్మా అన్నాడు. ఆ నెలసరి సాయం వస్తే పగటిపూటకి ఒక మనిషిని పెట్టి నా కుర్చీలో నేను కూర్చోవచ్చు. నాకున్న ఆశ అంతే.

మనిషి కూడా వచ్చాడు, ఒక్కరోజు. ఆస్పత్రిలో పనిచేసినవాడు, చేతులు మెత్తన. ఆయన పొద్దున్నించి సాయంత్రం దాకా కళ్లు మూసుకునే పడుకున్నారు. తనని శుభ్రం చెయ్యాల్సిన అవసరం రాకూడదని గుక్కెడు నీళ్లు కూడా తాగలేదు. "పరాయివాడు ముట్టుకుంటే శవాన్నైపోయినట్టుంది. నువ్వయితే నాకేం అనిపించదు" అన్నారు. నాకేం అనిపిస్తుందో అడగలేదు. ఆ వారమే అక్కాతమ్ముళ్లు ఉపాయం ఆలోచించారు. వదినది వేరే ఇల్లు కాబట్టి చూసుకునే మనిషిగా ఆవిడ పేరు రాస్తారు. డబ్బు ఆవిడ ఖాతాలో పడి మా ఇంటికి వస్తుంది. పని ఎప్పటిలాగే నేను చేస్తాను. "నీకు పోయేదేముంది?" అంది వదిన. షాపులో కిటికీ పక్కనున్న కుర్చీ పోతుందని చెప్పలేకపోయాను. మందులు కొనాలి, గాలిపరుపు మార్చాలి, అవన్నీ నిజమే. వద్దనడానికి నా దగ్గర ఉన్నది కారణం కాదు, కోరిక. మా ఇంట్లో ఆడవాళ్ల కోరిక ఎప్పుడూ కారణం కిందికి రాదు.

ఆఫీసరు సరిగ్గా మూడింటికి వచ్చింది. యాభై దాటిన మనిషి. ఆవిడ కళ్లజోడు ఎడమవైపు వంగి ఉంది, ప్రతి ప్రశ్నకీ పైకి తోసుకుంటోంది. చిన్న పట్టకారుతో సరిచేస్తే రెండు నిమిషాల పని. నా వేళ్లు ఊరుకోవడం లేదు. టీ ఇచ్చి వంటింటి గుమ్మంలో, ఆవిడ వీపు వెనక నిలబడ్డాను. వదిన మంచం అవతల, నాకు ఎదురుగా.

ఎన్ని గంటలకోసారి తిప్పుతారు, ఏం పెడతారు, సంచీ ఎప్పుడు మారుస్తారు. వదిన పద్యం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయింది. పుండు ఏ పక్క ఉంది అని అడిగేసరికి ఆగిపోయింది. అది చెప్పడం నేనే మరిచిపోయాను. నా వైపు చూసింది. నేను నా ఎడమ తుంటి మీద చెయ్యి వేసుకున్నాను. అద్దంలో చూసుకున్నట్టు తనకి ఎదురుగా కనిపించిన పక్కనే పట్టుకుని, "కుడి పక్కండీ" అంది.

ఆఫీసరు చేతిలో ఆస్పత్రి కాగితం ఉంది. కళ్లజోడు పైకి తోసుకుంది.

ఆయన గట్టిగా నవ్వారు. "మా అక్కకి చిన్నప్పటినించీ కుడీ ఎడమా తికమకేనండీ. ఆ పేర్లు తెలియవు గానీ చేతులకి అన్నీ తెలుసు. నేను పిలవకుండానే వస్తుంది. ఊపిరి తీరు మారితే చాలు, పక్కగదిలో ఉన్నా తెలిసిపోతుంది. చీలమండల మధ్య పెట్టే దిండుకి పాత బట్ట చుడుతుంది, కొత్త బట్ట ఒరుసుకుంటుందని. చలికాలం నన్ను ముట్టుకునే ముందు తన చేతులు పొయ్యి దగ్గర వెచ్చ చేసుకుంటుంది. నాకు అక్కడ స్పర్శ లేదండీ. అయినా చేసుకుంటుంది."

వదిన కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. రెండేళ్లలో ఆయన నోట ఆ మాటల్లో ఒక్కటీ నేను వినలేదు.

ఆఫీసరు నన్ను ముందుకి పిలిచి మీరేం చేస్తారమ్మా అంది. "తను ఇంట్లోనే ఉంటుందండీ" అన్నారాయన. ఆవిడ ఇంకో కాగితం తీసింది. ఒకే ఇంట్లో ఉండేవారు ఇవ్వాల్సిన ధ్రువీకరణ అది. పై బాధితునికి నేను ఎటువంటి సేవా చేయడం లేదు. కింద నా సంతకానికి చోటు. కలం ఇస్తూ ఆవిడ నా చేతులు చూసింది, సబ్బుకీ మందుకీ పగిలిన వేళ్లు. "ఇంకోసారి చదువుకుని పెట్టండి" అంది నెమ్మదిగా. ఆవిడకి తెలిసిందనే అనుకుంటాను. తెలిసినా రాసుకునే గడి ఆ కాగితంలో లేదు. సంతకం పెట్టాను. ముద్ర వేసిన నకలు ఒకటి నా చేతిలో పెట్టి వెళ్లింది.

వదిన రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుని, ఉంగరాలు పెట్టుకుని, గండం గడిచిందనుకుంటూ ఇంటికెళ్లింది.

నాలుగైంది. ఆయన్ని తిప్పాను. మోకాలి కింద ఒక చెయ్యి, భుజం కింద ఒక చెయ్యి.

"బాగా చెప్పాను కదా?" అన్నారు.

"ఆ దిండు సంగతీ, చేతులు వెచ్చ చేసుకోవడం, అవన్నీ మీకు తెలుసా?"

"రోజూ చూస్తున్నవేగా. తెలియకేం."

తెలియకేం. ఆయనకి తెలియదనే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. వెనక జరిగేవి పడుకున్న మనిషికి ఎలా కనిపిస్తాయి, తెలియని మనిషి మీద కోపమేంటి అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. తెలియదనుకుంటే, ఎప్పుడో ఒకప్పుడు తెలుస్తుందన్న ఆశ ఉంటుంది. కొత్త జోడు పెట్టుకున్నట్టు ఒక్క క్షణం చూసి ఆగిపోతారని. ఆయన ఎప్పుడో చూసేశారు. అన్నీ వివరంగా, ఒక్కటీ వదలకుండా చూసి, చెప్పాల్సిన అవసరం లేదని ఊరుకున్నారు. ఇక ఎదురుచూడడానికి ఏమీ లేదు.

షాపాయన ఫోన్ చేశాడు. ఇంట్లో చూసుకోవడానికి మనిషి కుదిరారా అని. ముద్ర వేసిన కాగితం ఇంకా నా చేతిలోనే ఉంది.

"కుదిరారండీ. రేపు తొమ్మిదింటికి వస్తాను" అన్నాను.

మంచం మీదనించి ఆయన, "ఎవరు కుదిరారు?" అన్నారు. నేను జవాబు చెప్పేలోపే, "మరి నన్నెవరు తిప్పుతారు?" అన్నారు.

దిండు సర్ది ఆయన చేతికి ఫోన్ ఇచ్చాను. "మీ అక్క. పిలవకుండానే వస్తుందన్నారుగా. ఒకసారి పిలిచి చూడండి."

ఆయన నవ్వబోయి, నా ముఖం చూసి మానేశారు. వదిన నంబరు నొక్కారు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ నొక్కారు.

నేను బీరువా తీసి రేపటికి బట్టలు వెతుక్కున్నాను. వెళ్లినంత మాత్రాన ఏదీ వదలదని నాకు తెలుసు. వదిన రెండు రోజులు వస్తుంది, మూడోరోజు నడుం నొప్పంటుంది. ఆ పుండు పెద్దదవుతుంది. రేపు పదింటికి అద్దం అరగదీస్తూ గోడ గడియారం చూస్తాను, పన్నెండింటికీ చూస్తాను, రెండింటికీ చూస్తాను. చూసినప్పుడల్లా మిషను మీదున్న నా కుడి చెయ్యి, ముట్టుకోవడానికి ఎవరూ లేని చోట, ఒక మోకాలిని వెతుక్కుంటుంది.

వెతుక్కోనీ.