తేరని నీళ్లు

కమాన్‌పూర్ పక్కన గనిని లోతుకు తవ్వినకొద్దీ ఊళ్లో బావులన్నీ ఎండిపోయాయి. సారవ్వ ఇంటి వెనక బావిలో మాత్రం అడుగున మోకాలి లోతు నీళ్లు మిగిలాయి. ఆమె భర్త గట్టయ్య వయసులో ఉన్నప్పుడు తన చేతులతో తవ్వుకున్న బావి అది. ఇప్పుడాయన మంచంలో ఉన్నాడు. దవాఖానవాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. పొద్దున్నుంచీ ఆయనది ఒకటే మాట.

“ట్యాంకర్ నీళ్లు నా నోట్లె పొయ్యకు. మన బాయి నీళ్లు గుక్కెడు తాపు, పోత.”

సారవ్వ చేద వేసింది. బురద లేచింది. తేరేదాకా ఎవరూ కదిలించకుండా బావి దగ్గర కాపలా కూర్చుంది.

అప్పుడే గోదావరిఖని నుంచి ఉపేందర్ సార్ దిగాడు. కాలేజీలో తెలుగు చెబుతాడు, జపాన్ హైకూలంటే ప్రాణం. నీళ్లలో చిన్న చప్పుడు, ఆ వెనక మౌనం: జెన్ ధ్యానమంతా అందులోనే ఉందంటాడు. ఆ చప్పుడు రికార్డు చెయ్యడానికి, నీళ్లున్న బావి ఇదొక్కటేనని విని, శిష్యుడు జైపాల్‌ని వెంటేసుకొచ్చాడు.

“సారూ, ముసలాయనకు పానం మీదికచ్చింది. ఆయినకు తాపాలె, గా నీళ్లు తేరనియ్యుండ్రి.”

“మేం తాగుతమా ఏంది అవ్వా? చప్పుడు ఇంటే నీళ్లు తగ్గుతయా?”

లోపల గట్టయ్య మూలిగాడు. సారవ్వ పరుగెత్తింది. సార్ బావిలో రాయి వేసి కళ్లు మూసుకున్నాడు. బొగ్గు లారీ హారన్ కొట్టి మౌనం చెడగొట్టింది. ఇంకో రాయి. ఈసారి జైపాల్ ఫోన్ నొక్కడం మరిచాడు. ఇంకోటి, కాస్త పెద్దది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. తలుచుకుంటే, ఈ సంగతి విన్న నాకే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

గట్టయ్యకు ఎగశ్వాస మొదలైంది. ఇక ఆగలేక సారవ్వ వచ్చి చేద వేసింది. చిక్కటి బురద వచ్చింది. కొంగు మడతపెట్టి వడగట్టింది, మళ్లీ వడగట్టింది, ఏడుస్తూ తీసుకెళ్లి ఆయన నోట్లో పోసింది.

గట్టయ్య చప్పరించి ఉమ్మేశాడు.

“ఇవి మన బాయి నీళ్లు గావు. నువ్వు సుత నన్ను మోసం జేస్తివానే?”

మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అలాగే పోయాడు.

సారవ్వ ఏడుపు బావి దాకా వినిపించింది. రికార్డింగ్‌లో పడుతుందని సార్ చిరాకుపడి, ఫోన్ ఆపెయ్యమని జైపాల్‌కి సైగ చేశాడు.

సాయంత్రానికి నీళ్లు తేటగా తేరాయి. వాటితోనే శవానికి స్నానం చేయించారు. సారవ్వ ఒక గుక్కెడు ఆయన మూసిన నోటి మీద పోసింది. పక్కకు కారిపోయాయి.