రెండో మెట్ల గోడ

పదిన్నరకు తనిఖీ అధికారి వెళ్లిపోయాడు. పదకొండుకు గోడ మళ్లీ కట్టమని మేస్త్రీకి కబురొచ్చింది.

ఆ గోడ రెండో మెట్లకు అడ్డం. పై అంతస్తులో మిషన్ల మీద కుట్టే ఆడవాళ్లకు, మంటలు లేస్తే దిగడానికి రెండు దారులుండాలని నిబంధన. రెండో దారిలో, మెట్ల అడుగున, యజమాని బట్టల తానులు పేర్చుకుంటాడు; అటు ఎవరూ రాకుండా గోడ. తనిఖీ ఉందంటే తానులు బయటికి పోతాయి, గోడ దిగుతుంది. అధికారి వెళ్లగానే మళ్లీ లేస్తుంది. కట్టేదీ విప్పేదీ మేస్త్రీయే. అందుకని సిమెంటు పేరుకు మాత్రం కలిపేవాడు. ఇటుకలు పగలకుండా ఊడివచ్చేవి.

పైన కిటికీ పక్క మిషను అతని భార్యది. "ఏదన్నా అయితే ఒక్క తన్ను తన్ను, పడిపోతుంది" అని ఆమెకు చెప్పి ఉంచాడు.

"మా ఆయన కట్టిన గోడ నేను తంతే పడిపోతుందట. పనితనం అలాంటిది మరి" అని ఆమె తోటివాళ్లతో అనేది.

యజమాని వచ్చాడు. వెనకే సిమెంటు బస్తా దిగింది.

"ఈసారి గట్టిగా కట్టు మేస్త్రీ. అనుమతి చేతికొచ్చింది. మూడేళ్లదాకా ఎవడూ ఈ గడప తొక్కడు."

"గట్టిగా అంటే..."

"గట్టిగా అంటే గట్టిగానే. తుమ్మితే కూలేట్టు కడతావు. ఇంట్లో అన్నం పెట్టట్లేదా ఏంటి?"

మేస్త్రీ గమేళాలో ఇసుకా సిమెంటూ కలిపాడు. నీళ్లు పోశాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. వరస పరిచాడు, మట్టం చూశాడు, ఇంకో వరస పరిచాడు.

భోజనాల గంట కొట్టేసరికి గోడ మోకాలెత్తు లేచింది. భార్య గిన్నె పట్టుకుని ఆ మెట్ల మీదుగానే దిగింది. గమేళాలోంచి సిమెంటు మాలు వేలితో తీసి నలిపి చూసింది. ఇంట్లో అరుగు వేసినప్పుడు కలిపింది ఆమే.

"ఇది తంతే పడేది కాదుగా."

"కాదు."

"మరి?"

"అయ్యగారు చెప్పారు."

"అయ్యగారు పైన కూర్చుని కుట్టరుగా."

ఆమె గోడ దాటలేదు. ఆఖరి మెట్టు మీద కూర్చుని గిన్నె మూత తీసింది. సగం తిని, మిగతాది గోడ మీదుగా అతనికి అందించింది. అతను తాపీ కింద పెట్టి తిన్నాడు.

"ఏం మేస్త్రీ, చెయ్యాగింది?" యజమాని వచ్చి నిలబడ్డాడు.

"ఇలా కట్టనయ్యా."

"కట్టకపోతే నీకే కాదు, ఆవిడక్కూడా రేపటినుంచి పని లేదు. ఇద్దరూ ఆలోచించుకోండి."

మేస్త్రీ భార్యవైపు చూశాడు. ఆమె గిన్నెకు మూత పెట్టింది. మెట్టు మీదనుంచి లేవలేదు.

గేటు మూసే వేళకు గమేళాలో మాలు రాయిలా బిగుసుకుంది. గోడ మోకాలెత్తునే ఉంది.