గోడలో మనిషి

ఓర్సో దొర తోటలో నా ఉద్యోగం దాక్కోవడం. నవ్వకండి, జీతమిచ్చే ఉద్యోగమే. రాతిగుహ గోడ వెనక మనిషి పట్టేంత సందు, అందులో ఒక ఇత్తడి మర, చూడడానికి ఒక కన్నం. విటెర్బో పట్నం నుంచి పట్టుబట్టల్లో దిగిన చుట్టాలు రాతిబల్ల మీద కూర్చోగానే దొర టోపీ తీసేవాడు, అదే నాకు సైగ. నేను మర తిప్పేవాణ్ని. బల్ల కిందినుంచి, నేలరాళ్ల సందుల్లోంచి నీళ్లు చిమ్మేవి. కెవ్వుమని కేకలు, ఆపైన నవ్వులే నవ్వులు. నాకు కనిపించేవి వాళ్ల వీపులే. గుట్టు తెలిసిపోతుందని నన్ను బయటికి రానిచ్చేవారు కాదు.

అందరికన్నా ఎక్కువ తడిసింది దొర భార్య, లౌదోమియా దొరసాని. పెళ్లైన కొత్తలో మోసపోయిందంటే సరే, జుట్టు నెరిశాక కూడా వచ్చి అక్కడే కూర్చునేదేమిటి! ఈవిడకి బుద్ధి రాదని విసుక్కునేవాణ్ని.

దొర పోయాక చుట్టాలు రావడం మానేశారు. దొరసాని మాత్రం నల్లబట్టల్లో రోజూ మధ్యాహ్నం వచ్చి ఆ బల్ల మీదే కూర్చునేది, దొర టోపీ పక్కన పెట్టుకుని. మొగుడు పోయిన మనిషి మీద నీళ్లు కొడతానా? పైగా సైగ చేసేవాడు లేడాయె. నేను లోపల, ఆవిడ బయట, ఉసూరుమంటూ పొద్దుపుచ్చేవాళ్లం.

చివరికి ఆస్తికి వారసుడిగా వచ్చిన దొర మేనల్లుడు, అతనో పాదిరీ, "ఈ వెకిలి నీళ్లు ఇంటికే అప్రతిష్ట. రేపు గొట్టాలు తవ్వించేస్తున్నా" అన్నాడు.

ఆ మధ్యాహ్నం దొరసాని గోడతో మాట్లాడింది.

"ఏమయ్యా గోడలో మనిషీ! ఉన్నావా, నిద్రపోయావా?"

కన్నం దగ్గర నోరు పెట్టాను. "ఉన్నానమ్మగారూ."

"ఇన్నాళ్లుగా కూర్చుంటున్నాను కదా, మర చిలుం పట్టిందా?"

"దొరగారి సైగ లేదు కదమ్మా. మీరు చూస్తే దుఃఖంలో..."

"మీ మర్యాదలు మండిపోను! అందరూ నా దగ్గర గుసగుసలాడేవాళ్లే, ఒక్కరూ నవ్వి చావరు. ఆయన టోపీ తియ్యడం నాకు కనిపించేది కాదనుకున్నావా? నేను తడిస్తే ఆయన కడుపు పట్టుకుని నవ్వేవాడు. అందుకే కూర్చునేదాన్ని. రేపటినుంచి ఇదీ ఉండదు. తిప్పు!"

తిప్పాను. నిలువునా తడిసింది. నవ్వుతూనే, అలవాటుగా, దొర నిలబడే చోటుకి తల తిప్పింది. అక్కడెవరూ లేరు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

"నువ్వైనా బయటికి రావయ్యా. చూసి నవ్వడానికో మనిషి కావాలి."

వెళ్లాను. ఆవిడ ముఖం ఎదురుగా చూడడం అదే మొదలు. నీళ్లోడుతున్న ఆ ముసలి ముఖం చూస్తే నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

"ఛీ, పనికిరావు. నీ పేరేంటి?"

"మెనికో అండీ."

"అందర్నీ తడిపావు కదా మెనికో, నిన్నెవరైనా తడిపారా?"

"నన్నెవరు తడుపుతారమ్మా!"

"అయితే కూర్చో."

తడి పావడా ఈడ్చుకుంటూ ఆవిడే సందులోకి దూరింది. చల్లటి నీళ్లు వీపున కొట్టేసరికి కెవ్వుమన్నాను. గోడలోంచి పకపకా నవ్వు. నేనూ నవ్వాను, పిచ్చివాడిలా.

నీళ్లు ఆగాయి. నవ్వూ ఆగింది. ఆవిడ మాత్రం బయటికి రాలేదు. ఆ సందులో కూర్చుని ఏడిస్తే ఎవరికీ కనిపించదు, ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? అందుకే పిలవలేదు. తడిసిన దొర టోపీని ఒళ్లో పెట్టుకుని ఆ బల్ల మీదే కూర్చున్నాను.