మాడిన అరెపా బ్లాగు

పక్కింటి నూబియా బ్లాగు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నేనేమో బజార్లో కొన్న మొక్కజొన్న రొట్టెల్ని, అదే అరెపాల్ని, పింగాణీ పళ్ళెంలో సర్ది, నా చేతివంటేనని ఫోటోకి మెరుగులు దిద్ది, బుద్ధి పుట్టినప్పుడు నా బ్లాగులో రాస్తాను. మా అమ్మ తప్ప చదివే దిక్కులేదు. నూబియా మాత్రం రోజూ పొద్దున్నే మాడిన అరెపా ఫోటో పెట్టి, "ఇవాళా మాడింది, మా ఆయన నోరెత్తకుండా తిన్నాడు" అని రాస్తుంది. జనం ఎగబడి దానికింద తమ ఇళ్ళల్లో మాడినవి పెడతారు.

నిన్న కాఫీకి వస్తే ఉండబట్టలేక అడిగేశాను. "రోజూ రాయడానికి విసుగెత్తదా నీకు?"

"ఎందుకెత్తదు ఎదిల్మక్కా? మొదట్లో ఎవరూ చదవక మానేద్దామనుకున్నా. కానీ బ్లాగు లెక్కల్లో చూస్తే, మన బరిచారా ఊళ్ళోంచే ఎవరో పుణ్యాత్ములు, నేను పెట్టీ పెట్టగానే వచ్చి చదివేవాళ్ళు. నేను రాయని రోజు కూడా పదిసార్లు వచ్చి చూసిపోయేవాళ్ళు, పాపం. వాళ్ళ మొహం చూసే మానలేకపోయా."

తప్పులు ఏరదామని పొద్దున్నే ఆ బ్లాగు తెరిచేది నేనే.

ఇక చచ్చినా తెరవకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఇవాళ అరెపా మాడిందో లేదో తెలియక, ఇంతవరకు పొయ్యి వెలిగించలేదు.