ఐసు పెట్టె చప్పుడు

మా ఇంటికి ఏసీ వచ్చిన రోజు వాడకట్టంతా మా గుమ్మం ముందే ఉంది, మా ఆయన తప్ప. వచ్చింది ఆయన కోసమే. ఆయనేమో మంచం ఈడ్చుకుంటూ పక్కింటి జములమ్మ వాళ్ళ గోడ నీడకు పోయి అటు తిరిగి పడుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. అసలే ఎండలకు మండుతున్న ఒళ్ళు, దానికి తోడు ఈ మనిషి.

మాది ఖిల్లా ఘణపూర్. ఊరి మీది గుట్ట పగలంతా ఎండ తాగి, పొద్దు వాలాక ఆ వేడంతా మా మీదికి వదులుతుంది. మాది రేకుల ఇల్లు. మధ్యాహ్నం లోపల నిలబడితే నెత్తిన పెనం బోర్లించినట్టు ఉంటుంది. పోయిన ఎండాకాలం ఆ ఇంట్లోనే మా ఆయన ఆశీర్వాదానికి వడదెబ్బ తగిలింది. పుణెలో బిల్డింగుల పనికి పోయి పోయి గుండె ముందే పాడైంది. వనపర్తి పెద్ద దవాఖానలో డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది: "ఇంకోసారి గిట్ల అయితే నా చేతుల ఏం లేదమ్మా." ఆ మాట నా చెవిలోంచి పోలేదు.

అందుకే, ఎండకు తట్టుకోలేని రోగులున్న పేద ఇళ్ళకు ఒక సంస్థవాళ్ళు ఉచితంగా ఏసీలు పెడుతున్నారని వినగానే వాళ్ళ వెంటపడ్డాను. సంస్థ నుంచి అమూల్య అనే అమ్మాయి వచ్చింది. రేకుల కింద థర్మకోల్ కొట్టించింది, కిటికీ సందులు మూయించింది, ఎండాకాలం కరెంటు బిల్లు కూడా తామే కడతామంది. ఒక్కటే షరతు పెట్టింది. "తలుపు ఎయ్యాలె అమ్మా. తెరిచి పెడితే సల్లదనం అంత బయటికే పోతది."

తంటా అంతా అక్కడే వచ్చింది.

మెకానిక్ మిషను బిగించాక నేనే ఆయన్ను బతిమాలి లోపలికి తెచ్చాను. చల్లగాలి మొదలైంది. మెకానిక్ బయటికి పోతూ తలుపు దగ్గరికి లాగాడు. మిషను గుర్రుమంటోంది. మా ఆయన ముఖం పాలిపోయింది. చల్లటి గదిలో నిలబడ్డ మనిషికి చెమటలు పట్టాయి. తలుపు తోసుకుని బయటపడ్డాడు.

"ఏమైందయ్యా?" అన్నాను.

"నేనింకా సావలే," అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. మా మరిది దేవదానం పుణెలో పని మీదనే చనిపోతే శవాన్ని ఊరికి తెచ్చింది ఈయనే. మా వాడకట్టులో చల్లటి మిషను అంటే అందరికీ ఎరుకైంది ఒక్కటే, శవాలను పెట్టే ఐసు పెట్టె. అంబులెన్సులో ఆ పెట్టె పక్కన కూర్చుని, దాని గుర్రు వింటూ దారంతా వచ్చాడు. ఇంటికొచ్చాక కూడా, చుట్టాలంతా చేరేదాకా దాని పక్కనే ఉన్నాడు. పెట్టె అద్దం మీద చెమ్మ పట్టినప్పుడల్లా భుజం మీది తువ్వాలతో తుడిచి తమ్ముడి ముఖం చూశాడు. మళ్ళీ తుడిచాడు. ఆయన్ను అక్కడి నుంచి లేపడం మా పాస్టరుగారి వల్ల కూడా కాలేదు.

జాలి వేసింది. కానీ నేను జాలిపడితే ఎండ తగ్గుతుందా? నయానా చెప్పాను, భయానా చెప్పాను. నేనే లోపల పడుకుని చూపించాను. జములమ్మ కూడా పోయి కాసేపు కూర్చుని వచ్చింది.

"అన్నా, స్వర్గమే అనుకో," అంది.

"ఆఁ, గక్కడికే తోలిస్తున్నరు నన్ను," అన్నాడు.

ఎండలు ముదిరాయి. ఆయన నీడ ఎటు జరిగితే అటు మంచం జరుపుకుంటూ పగలంతా బయటే గడిపాడు. పాదాలు ఉబ్బాయి. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. లోపల కొత్త ఏసీ గోడకు ఊరికే ఉంది. వాడలో ఆడవాళ్ళు నన్ను చూసి ముసిముసిగా నవ్వుకునేవారు.

ఒకరోజు అమూల్య మళ్ళీ వచ్చింది. గుమ్మంలోనే నిలబడి ఇబ్బందిగా చెప్పింది.

"మిషను నడుస్తలేదని కరెంటు బిల్లు చూస్తె మాకు తెలుస్తది అమ్మా. వాడకపోతే తీస్కపోవాల్సొస్తది. బల్మూరు ఊర్ల ఒకామె ఎదురు చూస్తుంది. ఊపిరితిత్తుల జబ్బు. ఆమెది గూడ రేకుల ఇల్లే."

కోప్పడదామంటే నోరు రాలేదు. ఆ బల్మూరు ఆమె ఎవరో, ఆమె నెత్తిన ఉన్నదీ ఈ ఎండే కదా. "ఆదివారం దాంక ఆగు బిడ్డా," అన్నాను. ఆగితే ఏమవుతుందో నాకూ తెలియదు.

అలసిపోయాను. ఎండతో అలసిపోయాను, ఈ మనిషితో అలసిపోయాను. శనివారం ఉపాధి పనికి పోయి చెరువు మట్టి తవ్వి, ఎండ నెత్తికెక్కాక ఇంటికొచ్చి, బయట పొయ్యి ముందు జొన్నరొట్టెలకు కూర్చున్నాను. లోపల చల్లటి మిషను ఉంది, నిజమే. రోగి కోసం ఇచ్చినదాన్ని నా ఒక్కదానికి వేసుకోవడానికి మనసొప్పేది కాదు. ఒక రొట్టె తట్టి పెనం మీద వేసింది గుర్తుంది. ఒంటి మీద చెమట ఎందుకో ఆగిపోయిందనుకున్నది గుర్తుంది. తర్వాత పెనం మసకబారింది.

మిగతాది జములమ్మ చెప్పింది. నేను పొయ్యి పక్కకు ఒరిగిపోతే మా ఆయన మంచం మీంచి అరుస్తూ వచ్చాడట. బరువు ముట్టొద్దని డాక్టరమ్మ చెప్పిన మనిషి నా రెక్కలు పట్టుకున్నాడు. జములమ్మ కాళ్ళు పట్టుకుంది.

"యాడికన్నా?"

"లోపటికి! మిషను ఎయ్యి, జల్ది ఎయ్యి!"

బిందెడు నీళ్ళు నా మీద కుమ్మరించారు. జములమ్మ అంబులెన్సుకు ఫోను చేసి, దారి చూపడానికి రోడ్డు మీదికి ఉరికింది. పోయేటప్పుడు తలుపు వేసి పొమ్మన్నది కూడా ఆయనేనట. తలుపు వేసిన గదిలో, ఆ గుర్రుమనే మిషను కింద, ఉలుకూ పలుకూ లేని నా పక్కన ఆయన ఒక్కడే ఉన్నాడు.

నేను కళ్ళు తెరిచేసరికి చల్లగా ఉంది. ముఖం మీద తువ్వాల ఆడుతోంది. తుడుస్తున్నాడు. వంగి చూస్తున్నాడు. మళ్ళీ తుడుస్తున్నాడు. ఈ తుడవడం ఎక్కడ చూశానా అనుకున్నాను. గుర్తొచ్చేసరికి నాకు దుఃఖం ఆగలేదు.

"ఏందయ్యా, ముఖం అరగదీస్తవా?" అన్నాను. నాలుక పిడచకట్టి మాట సరిగ్గా రాలేదు.

ఆయన చెయ్యి ఆగింది. "మళ్ళ మాట్లాడు," అన్నాడు.

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న. తిట్టు. వాడు గంత దూరం ఒక్క మాటన్న మాట్లాడలే విజయా."

అని ఏడ్చాడు. తమ్ముణ్ణి మట్టి చేసిన రోజు కూడా ఏడవని మనిషి, నా మీద వంగి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

దవాఖానలో సెలైన్ ఎక్కించి మరుసటి రోజు పంపించారు. ఆ ఆదివారమే అమూల్య వచ్చింది. మా ఆయన లోపల పడుకుని ఉండడం చూసి ముందు సంతోషపడింది, సంగతి విన్నాక ముఖం చిన్నబుచ్చుకుంది.

"వడదెబ్బ నీకు తగిలిందా అమ్మా?"

"గుండె ఎవరికి బాలేదని అడిగిన్రు. పొయ్యి కాడ ఎవరు కూసుంటరని అడగలే," అన్నాను. ఆ అమ్మాయి మీద కోపం కాదు. ఊరికే వచ్చింది మాట.

మిషను మీకే ఉంటుందని చెప్పి లేచింది. బల్మూరు ఆమెకు ఎప్పుడొస్తుందని అడిగాను. "తెల్వదమ్మా," అని కళ్ళు దించుకుంది.

ఇప్పుడు మా ఆయన మధ్యాహ్నాలు లోపలే పడుకుంటున్నాడు, తలుపు వేసుకునే. కానీ ఆయనకూ ఒక షరతు ఉంది. నేను పక్కన ఉండాలి, మాట్లాడుతూ ఉండాలి. పని నుంచి వచ్చి నడుం వాల్చిన దాన్ని, నోరు నొప్పెట్టేదాకా మాట్లాడతాను. నల్లా నీళ్ళు రాని సంగతి చెబుతాను. పాస్టరుగారి ప్రసంగం ఎంతకూ తెమలని సంగతి చెబుతాను. చెప్పేది అయిపోతే తిడతాను. తిట్టడానికి నాకెప్పుడూ కరువు లేదు. ఆయన కళ్ళు మూసుకుని వింటాడు. నిద్రపోయాడనుకుని ఆపితే గదిలో మిషను గుర్రు ఒక్కటే మిగులుతుంది.

"ఉన్నవా?" అంటాడు కళ్ళు తెరవకుండానే.

"ఉన్న. యాడికి పోత? పండుకో."

పడుకుంటాడు. కాసేపటికి ఆయన ఊపిరి కూడా వినబడదు. ఆ చప్పుడులో చెవులు రిక్కించి వింటాను. ఎగపోస్తూ ఎత్తుకొచ్చాడు నన్ను, ఆ పాడైన గుండెతో. అరచెయ్యి ఆయన ముక్కు దగ్గర పెడతాను. అప్పటికీ ధైర్యం చాలదు.

"ఉన్నవా?" అని ఈసారి నేనడుగుతాను.