గంగులమ్మకు అందని ఏడుపు

భార్గవీ, నా మోకాలు తగిలేంత దగ్గరికి రా. ఆ ఫోను మంచం మీద బోర్లా పెట్టు. మీ అవ్వ గంగులమ్మ పాడె ఎత్తినప్పుడు నువ్వు పరీక్షలో ఉన్నావు. తోడబుట్టిన అక్కను, నేను పక్కనే ఉన్నాను. ఉండి ఏం చేశానో విను.

మా ఇళ్లలో మనిషి పోతే, ఎత్తేముందు సొంతవాళ్లు రాగం తీసి ఆ మనిషి బతుకంతా చెప్పి ఏడవాలి. చెప్పకపోతే ఉత్త చేతులతో పంపినట్టే. రెండేళ్ల కిందట నా పెనిమిటి పోయినప్పుడు నేను ఏడ్చిందంతా నా మనవరాలు హాసిని ఫోనులో తీసి పెట్టింది. ఎవరో దానికి డప్పు కలిపారు. లక్షల మంది చూశారట. ప్రొద్దుటూరులో ఒక పెళ్లికి పోతే, బరాత్ ముందర పిల్లలు నా ఏడుపుకు ఎగురుతున్నారు.

"అవ్వా, ఇది నువ్వే గదా! రా, ఒక స్టెప్పు వెయ్యి!"

కోపం కూడా రాలేదు. అన్నం తిని వచ్చాను.

మొన్న కొండాపురం కాలనీలో గంగులమ్మ తల దగ్గర కూర్చున్నాను. చుట్టూ ఫోన్లు లేచాయి.

"రాగం ఎత్తుకో పెద్దమ్మా, పొద్దు పోతాంది," అన్నాడు మీ నాయన మోహన్.

నోరు తెరిచాను. లోపల ఆ బరాత్ డప్పు మోగింది. మాట రాలేదు, కన్నీళ్లూ రాలేదు.

"ఏంది సుబ్బరత్నమ్మా, లోకమంతా వినేట్టు ఏడిస్తివి, సొంత చెల్లెలికి ఏడవవా?" అంది ఎదురింటి నాగలక్ష్మి. కాసేపు చూసి మళ్లీ తనే, "శానా అలిసిపోయినట్టుండాదిలే. ఫోన్లో ఉండాది గదా, అదే పెట్టండప్పా," అంది.

డప్పు లేనిది వెతికి పెట్టింది హాసిని, పాపం. నా గొంతే. "మీసం దువ్వి సంతకు పోతివే నా రాజా, కోడెలు నీ దోవ చూస్తాండాయే" అని. ఆడవాళ్లంతా దానికే ఏడ్చారు. పాడె లేచింది. నా పెనిమిటి మీసాల మాట మీద మీ అవ్వ వెళ్లిపోయింది. ఒక్కరూ ఉలిక్కిపడలేదు. నేనూ ఊరికే చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడూ ఏడుపు రాదు. ఉత్త మాటలే చెబుతాను. నాకు జ్వరమొచ్చి పాలు ఎండిపోతే, నా కొడుక్కీ మీ నాయనకూ చెరో పక్క పాలిచ్చింది గంగులమ్మ. గొర్రెలను ఈల వేసి పిలిచేది. ఆడదానికి ఈలేందని మీ తాత కసిరితే, ఆ రోజు నుంచి ఆయన్నూ ఈలతోనే అన్నానికి పిలిచింది. పాత ఊళ్లోకి గండికోట డ్యాము నీళ్లు వచ్చినప్పుడు అందరూ బీరువాలు మోస్తుంటే, మీ అవ్వ మాత్రం మా అమ్మ రుబ్బిన రోలు దొర్లించుకుంటూ వచ్చింది.

"పెద్దవ్వా, రికార్డు చేసుకోనా?"

వద్దు తల్లీ. ఇంకోసారి చెబుతాను, మనసులో పెట్టుకో. ఆ రోలు ఇప్పుడు మీ వాకిట్లోనే ఉంది. దాని పక్కన ఎవరన్నా వచ్చి కూర్చుంటే, నీ నోటితో వాళ్లకు చెప్పు.