దర్జీ లోపలి మచ్చ

మా బామ్మర్ది ఒంటి లోపల దాక్కున్న మచ్చను డాక్టర్లకంటే ముందు కనిపెట్టింది నేనే. పుట్టుమచ్చలు చూసి జాతకం చెప్పడంలో నన్ను మించినవాడు లేడు మరి.

వాడు దర్జీ. పొద్దస్తమానం మిషను ముందు కూర్చునే పని. విరేచనంలో రక్తం పడుతోందని ఎన్నాళ్లకో బయటపెట్టాడు. సర్జన్ చూసి, మొలలు అనుకునే ఆ గడ్డ కోసేశాడు. అయితే ఆయనకో అలవాటుంది. కోసింది గోరంతైనా సరే, ల్యాబుకు పంపాల్సిందే.

ల్యాబు డాక్టరమ్మ దానికి రంగులద్ది చూసి మెలనోమా అంది. పుట్టుమచ్చలకొచ్చే క్యాన్సర్.

"మచ్చ ఒంటిమీద కదండీ ఉంటుంది?" అన్నాడు వాడు.

"రంగునిచ్చే కణాలు మలద్వారం లోపలా ఉంటాయి. ఎప్పుడో ఒకరికి అక్కడే మొదలవుతుంది," అన్నాడు సర్జన్. "ముందు ఒంటిమీద నుంచి పాకిందేమో వెతకాలి."

చర్మం డాక్టరు నెత్తి నుంచి కాలివేళ్ల సందుల దాకా భూతద్దంతో గాలించాడు. వీపు మీది మచ్చ చూపించి, "ఇది రాజయోగం" అన్నాను.

"పెద్దాయనా, మీరు బయట కూర్చోండి."

నేను కదల్లేదు. చెవి వెనక నల్లటి మచ్చ కనపడింది. దూదితో తుడిస్తే పోయింది. జుట్టుకేసే రంగు.

ఒంటిమీద ఏమీ లేదు. స్కానింగులో ఇంకెక్కడా లేదు. వాడి దిగులు వేరే. మలద్వారం మొత్తం తీసేస్తే మలం పోవడానికి పొట్టకి సంచీ తగిలిస్తారని ఎవరో చెప్పారు.

"పొట్టకి సంచీ పెడితే మిషను ముందు ఎలా కూర్చోను బావా?"

"ఇంకో జేబనుకో. ఊరందరికీ కుట్టావుగా."

వాడు నవ్వలేదు. సర్జనే తేల్చాడు. మొత్తం తీసేసి సంచీ పెట్టినా ఆయుష్షు పెరుగుతుందన్న భరోసా లేదట. గడ్డ ఉన్నచోట చుట్టూ కాస్త ఎక్కువే కోసి, ఆపైన ఒంట్లో రోగంతో పోరాడే కాపలా కణాలను నిద్రలేపే మందు ఎక్కిద్దామన్నాడు.

"మరక పోవాలంటే చుట్టూ బాగున్న గుడ్డ కూడా పోవాలి. తెలుసులెండి," అన్నాడు దర్జీ.

ఇప్పుడు మందెక్కించుకుంటున్నాడు. నీరసం, ఒళ్లంతా దురద అంటాడు. మొన్నటి స్కానులో ఏమీ లేదు. "ప్రస్తుతానికి" అన్నాడు డాక్టరు, ఆ మాట నొక్కి. వాడు కింద దిండు వేసుకుని మిషను తొక్కుతున్నాడు, సంచీ లేకుండానే.

ఇది రాస్తుంటే భుజం మీంచి తొంగిచూశాడు.

"నువ్వు కనిపెట్టావా? 'మొలలేరా, కారం మానెయ్' అని నెలల తరబడి నాకు చప్పిడి కూడు పెట్టించింది ఎవరు బావా?"

సరే, కనిపెట్టింది డాక్టరమ్మే. నా శాస్త్రం చొక్కా విప్పితే కనపడేదాని వరకే.

చెవి వెనక రంగు కూడా నేను కల్పించిందే. వాడి జుట్టు ఈ వయసులోనూ నల్లగా నిగనిగలాడుతుంది. రంగేసుకునేది నేను.